ఇన్వర్టర్ బ్యాటరీ సైజు: అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో ఎండలు ముదిరితే షాపుకొచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: "అన్నా, 150 ఏహెచ్ బ్యాటరీ చాలా, 200 తీసుకోవాలా?" ఏహెచ్ అంటే ఆంపియర్-అవర్, బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే లెక్క. ఇంట్లో ఏమేం నడవాలో చెప్పకుండా అడిగితే నేనేం చెప్పేది?

అపోహ: 150 ఏహెచ్ బ్యాటరీ ఉంటే రాత్రంతా దిగులు లేదు.

వాస్తవం: స్టిక్కర్ మీద 150 పక్కనే చిన్నగా సీ20 అని ఉంటుంది. ఏడున్నర ఆంపియర్ల చొప్పున నిదానంగా వాడితే 20 గంటలు వస్తుందని దానర్థం. ఇళ్లలో అంత నిదానంగా ఎవరు వాడతారు? మొన్న ఒకాయన "ఏమప్పా, కొత్త బ్యాటరీ మూడు గంటలు కూడా రాలేదే" అని గొడవకొచ్చాడు. బిల్లు వెనకాలే లెక్క వేశాను. పాత ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 75 వాట్లు. ట్యూబులు నాలుగు, ఒక్కోటి 20. టీవీ 95. మొత్తం 400 వాట్లు. ఇన్వర్టర్‌లో పోయేది కూడా కలిపితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి సుమారు 40 ఆంపియర్లు లాగుతోంది. ఎంత గట్టిగా లాగితే అది ఇచ్చేది అంత తగ్గుతుంది. రెండు, రెండున్నర గంటలే న్యాయం. టీవీ ఆపి, తక్కువ కరెంటు తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యాన్లు పెట్టుకుంటే లోడు 170కి దిగుతుంది, అదే బ్యాటరీ ఐదు గంటలు దాటుతుంది. ఆయన ఫ్యాన్లే మార్చాడు. నాకు ఒక బ్యాటరీ అమ్మకం పోయింది, సరే.

అపోహ: ఇన్వర్టర్ వీఏ పెంచితే బ్యాకప్ పెరుగుతుంది.

పెరగదు. ఒకేసారి ఎంత లోడు మోయగలదన్నదే వీఏ.

అపోహ: చాలకపోతే పక్కన ఇంకో బ్యాటరీ కలిపేస్తే సరి.

వాస్తవం: ట్యూబులర్ రకం బ్యాటరీకి దాని ఏహెచ్‌లో సుమారు పదో వంతు చార్జింగ్ కరెంటు కావాలి. 150కి 15 ఆంపియర్లు, రెండు 150లకు 30. మీ ఇన్వర్టర్ 15 మాత్రమే ఇస్తుంటే, కరెంటు మాటిమాటికీ పోయే రోజుల్లో రెండూ సగం ఆకలితోనే ఉంటాయి, లోపలి ప్లేట్లకు సల్ఫేట్ పొర పట్టి బ్యాటరీ బలం తగ్గుతుంది. నాలుగేళ్ల పాతదానికి కొత్తది జోడిస్తే ఇంకా అన్యాయం, పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది.

ఇక నీళ్ల సంగతి. "బోరు నీళ్లు పోస్తే ఏమైతాది" అంటారు. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగు చూడండి, తెల్లగా పట్టి ఉంటుంది. బ్యాటరీలోంచి నీళ్లు ఆవిరైపోతాయి, ఆ ఉప్పులు మాత్రం లోపలే ఉండిపోతాయి. ఆర్వో నీళ్లూ వద్దు. డిస్టిల్డ్ వాటరే పోయండి, అదీ గీత వరకే.