ఇంటర్ పిల్లలు బడివారా, కాలేజీవారా: 1969 నాటి మలుపు

పదో తరగతి దాటిన పదహారేళ్ల అమ్మాయిని బడిపిల్ల అనాలా, కాలేజీ విద్యార్థిని అనాలా అన్నది పైకి మాటల పట్టింపులా కనిపిస్తుంది గాని, ఆమెకు మధ్యాహ్నం అన్నం పెట్టవలసింది ఎవరు, పాఠం చెప్పే ఉద్యోగం ఎవరికి దక్కాలి, ఆమె చదివే భవనాన్ని ఏ అధికారి తనిఖీ చేయాలి అన్నవన్నీ ఆ జవాబు మీదే ఆధారపడి ఉన్నాయి. బడులను, ఉపాధ్యాయ పోస్టులను పునర్వ్యవస్థీకరించిన 2022 నాటి 117వ నంబరు జీవోను పక్కనపెట్టి 2025లో పాఠశాలలను మరో తీరున వర్గీకరించినప్పటి నుంచి, ఇంటర్ కూడా చెప్పే ఉన్నత పాఠశాలలైన హైస్కూల్ ప్లస్‌ల విషయంలో ఉపాధ్యాయులకూ జూనియర్ లెక్చరర్లకూ మధ్య ఉన్న పాత వాదం విజయవాడ, గుంటూరుల్లో మళ్ళీ రాజుకుంది.

ఫస్ట్ ఫారం, సిక్స్త్ ఫారం, ఎస్సెస్సెల్సీ అంటూ బడి తరగతులనూ పరీక్షనూ పిలిచిన కాలం పెద్దలున్న ప్రతి ఇంట్లోనూ తెలిసినదే కనుక ఇక్కడ వివరించనక్కర్లేదు. అయితే ఒక్క సంగతి మరవకూడదు. ఎన్.టి.రామారావు విజయవాడ ఎస్.ఆర్.ఆర్., సి.వి.ఆర్. కళాశాలలో ఇంటర్మీడియట్, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బి.ఏ. చదివిన రోజుల్లో ఇంటర్ అంటే విశ్వవిద్యాలయం నడిపే కోర్సు. దాన్ని చదివేవారు అక్షరాలా కళాశాల విద్యార్థులు. మాధ్యమిక విద్యపై వేసిన 1952-53 నాటి మొదలియార్ కమిషన్ ఆ ఇంటర్మీడియట్‌ను తీసివేసి, ఉన్నత పాఠశాల చదువును పెంచి, ఆపైన మూడేళ్ల డిగ్రీ పెట్టమన్నది. ఆ మార్పుల్లో రెండేళ్ల ఇంటర్ పోయి, కళాశాలల్లో ఏడాది పాటు చదివే ప్రీ-యూనివర్సిటీ కోర్సు (పీయూసీ) వచ్చింది.

అసలు మలుపు ఆ తర్వాతిది. 1964-66 నాటి కొఠారి కమిషన్ 10+2+3 పద్ధతిని (పదేళ్ల బడి, రెండేళ్ల ప్లస్ టూ, మూడేళ్ల డిగ్రీ) సూచించినప్పుడు, పీయూసీని విశ్వవిద్యాలయాల నుంచీ కళాశాలల నుంచీ తప్పించి మాధ్యమిక పాఠశాలలకు అప్పగించాలని, క్రమంగా దాన్ని రెండేళ్లకు పెంచాలని స్పష్టంగా చెప్పింది. అంటే ఆ కమిషన్ దృష్టిలో పదకొండు, పన్నెండు తరగతులవారు బడిపిల్లలే. దేశంలో ఈ పద్ధతిని అందరికన్నా ముందు చేపట్టిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1969-70లో రెండేళ్ల ఇంటర్మీడియట్ మొదలైంది, 1971లో ప్రత్యేక చట్టంతో ఇంటర్ బోర్డు ఏర్పడింది. కాని సిఫారసులో సగమే అమలైంది. విశ్వవిద్యాలయం నుంచి బయటకు వచ్చిన ఇంటర్ బడికి చేరకుండా, జూనియర్ కళాశాల అనే కొత్త గూటిలో ఆగిపోయింది. ప్రయోగశాలలు, పీజీ చదివిన అధ్యాపకులు అప్పటికి కళాశాలల్లోనే ఉన్నారు కనుక తక్షణానికి అది తేలిక దారే. విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల ప్రాంగణంలో డిగ్రీతో పాటు ఇంటర్ ఈనాటికీ సాగుతూండడం ఆ ఏర్పాటు ఆనవాలే.

పక్కనే ఉన్న తమిళనాడు ఇదే మద్రాసు సంప్రదాయం నుంచి వచ్చి కూడా 1978లో ప్లస్ టూను పాఠశాలల్లో పెట్టింది. అక్కడి పన్నెండో తరగతి పిల్లవాడు నేటికీ యూనిఫారం వేసుకుని హయ్యర్ సెకండరీ బడికే వెళతాడు. మన దగ్గర అదే వయసు పిల్లవాడు జూనియర్ ఇంటర్, సీనియర్ ఇంటర్ అయ్యాడు. జాతీయ విద్యావిధానానికి 1992లో చేసిన సవరణ ప్లస్ టూ దశను దేశమంతటా పాఠశాల విద్యలో భాగంగా గుర్తించేలా చూడాలని కోరినా, ఇక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

బడిపిల్లల హక్కులకు ఇంటర్ పిల్లలు దూరమైంది ఇక్కడే అన్నది పాఠశాల ఉపాధ్యాయుల వాదన. రాష్ట్రం 2008లో మధ్యాహ్న భోజనాన్ని తొమ్మిది, పది తరగతులకు విస్తరించింది, కాని వేసవి సెలవులు గడిచి ఆ పిల్లలే జూనియర్ కళాశాల గడప తొక్కగానే ఆ అన్నం హక్కుగా రావడం మానేసింది. జిల్లా విద్యాధికారి (డీఈవో) పరిధి పదో తరగతితో ముగిసి, ఆపైన ఇంటర్ విద్య అధికారుల పరిధి మొదలవుతుంది. 1980ల నుంచి ప్రవేశ పరీక్షల వేడితో గూడవల్లి, నిడమానూరు, ఈడుపుగల్లు వైపు బారులు తీరిన ప్రైవేటు రెసిడెన్షియల్ ప్రాంగణాలు ఆ మధ్య ఖాళీలోనే పెరిగాయి. ఆటస్థలం లేని బహుళ అంతస్తుల భవనంలో తెల్లవారుజామున మొదలై రాత్రి దాకా సాగే స్టడీ అవర్లను ఏ బడిలోనైనా తల్లిదండ్రులు ప్రశ్నించేవారు. కాలేజీ అన్న పేరు ఉండేసరికి అదంతా పెద్దపిల్లల చదువుగా చెల్లుబాటయింది.

లెక్చరర్ల వాదన వేరు. పీజీ అర్హతతో, సర్వీస్ కమిషన్ పరీక్ష ద్వారా వచ్చినవారు చెప్పే పాఠాన్ని అప్పటికే పదో తరగతి దాకా బోధన భారం మోస్తున్న హైస్కూలు ఉపాధ్యాయులకు, అంటే స్కూల్ అసిస్టెంట్లకు అప్పగిస్తే నష్టపోయేది పిల్లలేనని వారంటారు. 2022-23లో 292 ఉన్నత పాఠశాలలను హైస్కూల్ ప్లస్‌లుగా మార్చి ఆడపిల్లలకు ఇంటర్ ప్రారంభించినప్పుడు తొలి ఫలితాలు నిరాశపరచడాన్ని వారు ఎత్తిచూపుతారు. అది నిజమే, అయితే అక్కడ చాలినంత మంది బోధకులను ముందే నియమించి ఉంటే ఏమై ఉండేదన్నది ఆ ఫలితాల వల్ల తేలదు.

2020 జాతీయ విద్యావిధానం తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఒకే దశగా లెక్కించింది. 2018లో కేంద్రం మొదలుపెట్టిన సమగ్ర శిక్ష పథకం సైతం పన్నెండో తరగతి దాకా పాఠశాలే అంటుంది. రాష్ట్రం కూడా ఆ దిక్కుగానే అడుగులు వేస్తూ వచ్చింది. 2025 జనవరి 4న విజయవాడ పాయకాపురం ప్రభుత్వ జూనియర్ కళాశాలలో డొక్కా సీతమ్మ మధ్యాహ్న భోజన పథకం మొదలైంది. అదే నెలలో ఇంటర్ మొదటి ఏడాది పబ్లిక్ పరీక్షల రద్దుపై బోర్డు ప్రజాభిప్రాయం కోరి, వ్యతిరేకత రావడంతో వెనక్కి తగ్గింది. అమ్మ ఒడి, తల్లికి వందనం పథకాలు రెండూ ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా పిల్లలను ఒకే జాబితాలో చేర్చాయి. డబ్బు ఇచ్చేటప్పుడు బడిపిల్లలు, చదువు చెప్పేటప్పుడు కాలేజీ విద్యార్థులు అనే ఈ ద్వంద్వం అధికారులకు ఇబ్బందిగా తోచినట్టు లేదు.

హైస్కూల్ ప్లస్, మోడల్ ప్రైమరీ వంటి బడుల వర్గాల పేర్లన్నీ జీవోలతో వచ్చినవి, మరో జీవోతో పోగలిగినవి. ఇంటర్ బోర్డు మాత్రం 1971 నాటి చట్టంపై నిలబడి ఉంది. పాఠశాల విద్యాశాఖలో దాన్ని కలపాలంటే శాసనసభకు వెళ్ళవలసిందే; హైస్కూల్ ప్లస్‌లపై సాగుతున్న వాదంలో ఇరువైపులవారూ ఆ చట్టం ఊసు ఎత్తడం అరుదు.