కుంకుమ, కాటుక, స్నో: వీటికి ల్యాబ్ టెస్టులు ఎట్లా వచ్చినయ్, ఏది ల్యాబ్ దాకా పోదు

2021 జూలై నుంచి 2023 సెప్టెంబర్ దాకా కేరళ మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో కిడ్నీ డాక్టర్లు ఒక లెక్క రాసిపెట్టుకున్నరు. మూత్రంలో ప్రోటీన్ పోయి కాళ్ళు, మొహం ఉబ్బే మెంబ్రేనస్ నెఫ్రోపతీ అనే జబ్బుతో వచ్చినోళ్ళు 22 మంది, వాళ్ళల్ల 15 మందికి నెల్-1 అనే అరుదైన రకం, ఆ 15లో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడుతున్నరు. ఆ క్రీములు టెస్ట్ చేయిస్తే పాదరసం. ఇట్లాంటి వార్త వచ్చినప్పుడల్లా హన్మకొండల అయినా జమ్మికుంటల అయినా వినపడే మాట ఒకటే, మరి గవర్నమెంటోళ్ళు చెక్ చెయ్యరా అని. చేస్తరు. చట్టం ఉంది, ల్యాబులు ఉన్నయ్, లిమిట్లు ఉన్నయ్. కాకపోతే చట్టం ఏది వెతకమంటే ల్యాబ్ అదే వెతుకుతది, ఏ డబ్బా తెచ్చిస్తే ఆ డబ్బానే చూస్తది, ఇది ఎందుకిట్లా తయారైందో తెలవాలంటే కొంచెం వెనక్కి పోవాలె.

అమెరికాలో 1906లో వచ్చిన ఫుడ్, డ్రగ్ చట్టంలో మేకప్ సామాన్ల ఊసే లేదు. 1933 ప్రాంతంలో లాష్ లూర్ అని కనురెప్పల వెంట్రుకలకు వేసే రంగు అమ్మిన్రు, దాంట్ల పారాఫినిలిన్ డయమీన్, అందరూ పీపీడీ అనేది, దాంతోని కొందరు ఆడోళ్ళకు కండ్లు పోయినయ్, అయినా ఆ సరుకును ఆపే పవర్ ఎవ్వరికీ లేకపోయె. 1937లో ఒక సల్ఫా సిరప్ తాగి వంద మందికి పైగా చనిపోతే 1938లో కొత్త చట్టం వచ్చింది, కాస్మెటిక్స్ కూడా అదే బండి ఎక్కినయ్. (ఆ పీపీడీ ఎక్కడికీ పోలేదు, మన దగ్గర హెయిర్ డైలలో ఇప్పటికీ అదే. డై తాగి గొంతు వాచి, మూత్రం నల్లగా వచ్చి, కిడ్నీలు దెబ్బతిన్న కేసులు తెలుగు రాష్ట్రాల పెద్దాసుపత్రులకు కొత్తేం కాదు. అది ల్యాబ్‌ల దొరకని కల్తీ కాదు, డబ్బా మీద రాసే ఉంటది.)

మన దేశంలో 1940లో వచ్చింది ఉత్త డ్రగ్స్ యాక్ట్. 1962లో సవరణ చేసి దాని పేరులో కాస్మెటిక్స్ చేర్చిన్రు, అమలయ్యేసరికి 1964. అఫ్గాన్ స్నో అనే మొహం క్రీమ్ 1919 నాటిది, లాక్మే 1952లో మొదలైంది, అంటే స్నో-పౌడర్ ఇండ్లల్లకు వచ్చిన ఎన్నో ఏండ్లకు చట్టం వచ్చింది. ఆ చట్టం కింది రూల్స్ పెట్టిన లిమిట్లు ముఖ్యంగా రంగుల మీద, కాస్మెటిక్స్‌లో కలిపే రంగులో ఆర్సెనిక్ 2 పీపీఎం దాటొద్దు, సీసం 20 పీపీఎం దాటొద్దు, మిగతా హెవీ మెటల్స్ అన్నీ కలిపి 100 దాటొద్దు. పీపీఎం అంటే కిలోకు ఒక మిల్లీగ్రాము.

ఈ టెస్టులు అప్పట్ల ఎట్లా చేసేటోళ్ళో చెప్పుకోవాలె. ఆర్సెనిక్‌కి గుట్‌జైట్ టెస్ట్. చిన్న సీసాలో శాంపిల్ ద్రావణం, యాసిడ్, జింక్ ముక్కలు వేస్తే బుడగలు వస్తయి, ఆర్సెనిక్ ఉంటే అది గ్యాస్ అయి గొట్టంలోంచి పైకొచ్చి అక్కడ పెట్టిన పేపర్ మీద పసుపు నుంచి గోధుమ రంగు దాకా మరక వేస్తది. పక్కన తెలిసిన కొలతతో ఇంకో మరక తయారుచేసి పెట్టుకుని, రెండింట్ల ఏది ముదురో కంటితో చూసి రాయడమే. తమాషా ఏందంటే ఆ పేపర్‌కి పూసేది పాదరసం ఉప్పు! సీసానికి కూడా ఇంచుమించు ఇదే పద్ధతి, గాజు గొట్టాలల్ల రంగు పోల్చుడు. లిమిట్ దాటిందా లేదా అన్నది తెలుస్తది గానీ ఖచ్చితంగా ఎంతుందో తెలవది, ఇంకా పాదరసం, క్రోమియం, నికెల్ విడివిడిగా ఎంతెంత అంటే చెప్పుడు వాటితోని అయ్యేది కాదు.

1972లో ఫ్రాన్స్‌లో మోరాంజ్ అనే బేబీ పౌడర్ పూసిన పిల్లలు 36 మంది చనిపోయిన్రు. పౌడర్ ఫార్ములాలో తప్పు లేదు, తయారీలో పొరపాటున హెక్సాక్లోరోఫీన్ అనే క్రిమిసంహారకం 6 శాతం దాకా కలిసింది. అప్పటిదాకా ఏం కలుపుతున్నరు అని అడిగే ప్రపంచం, కలపకుండానే ఏం చేరుతుంది అని అడగడం నేర్చుకున్నది ఇట్లాంటి కేసులతోనే. యూరప్ 1976లో కాస్మెటిక్స్ మీద ఉమ్మడి డైరెక్టివ్ తెచ్చింది.

ఈలోపు మెషిన్లు మారినయ్. 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ లోహాలు కొలిచే అటామిక్ అబ్సార్ప్షన్ పద్ధతి బయటపెట్టిండు, 1983లో ఇంకా సూక్ష్మంగా కొలిచే ఐసీపీ-ఎంఎస్ అనే మెషిన్ మార్కెట్‌లోకి వచ్చింది, ఇప్పుడది పీపీఎంలో వెయ్యో వంతును కూడా చూపిస్తది. అట్లా చూడటం మొదలుపెడితే వెతికిన ప్రతి దాంట్ల ఏదో ఒకటి దొరుకుతది, గొడవంతా అక్కడినుంచే. 2007లో అమెరికాలో ఒక ఉద్యమ సంఘం 33 లిప్‌స్టిక్‌లు టెస్ట్ చేయిస్తే 61 శాతంలో సీసం దొరికింది, అన్నిట్ల ఎక్కువున్నది 0.65 పీపీఎం. తర్వాత అక్కడి ఎఫ్‌డీఏ (ఆహారం, మందులు, కాస్మెటిక్స్ చూసే సర్కారు సంస్థ) కొలిపిస్తే నంబర్లు పెరిగినయ్, 400 లిప్‌స్టిక్‌లలో సగటు 1.11, గరిష్ఠం 7.19. పెరగడానికి లిప్‌స్టిక్‌లు వేరు కావడం ఒక్కటే కారణం కాదు. లిప్‌స్టిక్‌ల మైనం, నూనె, పైగా మైకా, టైటానియం లాంటి మట్టి పదార్థాలు ఉంటయి, చిన్న ముక్క తూచి టెఫ్లాన్ గిన్నెలో నైట్రిక్ యాసిడ్ పోసి మైక్రోవేవ్‌లో వేడిచేస్తే మైనం కరిగిపోతది గానీ మట్టి రేణువులు అడుగున అట్లనే కూర్చుంటయి, వాటిల్ల ఉన్న సీసం లెక్కలోకి రాదు. ఎఫ్‌డీఏ వాళ్ళు హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ కూడా వాడి ఆ మట్టిని కూడా కరిగించిన్రు. అందుకే ఏ రిపోర్ట్ చూసినా నంబర్ కన్నా ముందు ఏ పద్ధతి అని చూడాలె, మన పేపర్లు, టీవీలు ఆ లైన్ ఎప్పుడూ వేయవు.

మన దగ్గర 2014 జనవరిలో ఢిల్లీల సీఎస్ఈ (సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్) అనే స్వచ్ఛంద సంస్థ ల్యాబ్ 73 కాస్మెటిక్స్ పరీక్షించింది. 32 ఫెయిర్‌నెస్ క్రీముల్ల 14 వాటిలో పాదరసం, 30 లిప్‌స్టిక్‌లల్ల సగం వాటిలో క్రోమియం. క్రీముల్ల పాదరసం 2 పీపీఎం లోపే గానీ, పాదరసం వేయడమే నిషేధమైన చోట దొరకడం పెద్ద వార్త అయింది. పాదరసం ఎందుకేస్తరంటే చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని అది అడ్డుకుంటది, వారం పది రోజుల్ల తెల్లబడ్డట్టు కనిపిస్తది, చవక కూడా. 2013లో జపాన్‌లో పాదరసం వాడకం తగ్గించే మినమాటా ఒప్పందం దేశాల మధ్య కుదిరి 2017లో అమలయింది, 2018లో మనం చేరినం, 1 పీపీఎం దాటిన పాదరసం కాస్మెటిక్స్ 2020 కల్లా ఆపాలన్నది దాంట్ల ఒక మాట, 2023లో ఆ 1 పీపీఎం వెసులుబాటు కూడా తీసేసిన్రు. మన కాస్మెటిక్స్ రూల్స్ 2020 మాత్రం అనుకోకుండా చేరే పాదరసానికి 1 పీపీఎం, కండ్ల దగ్గర పూసే వాటికి 70 పీపీఎం దాకా ఒప్పుకున్నయ్. కండ్ల దగ్గర ఎక్కువెందుకంటే కండ్ల మందుల్ల, మేకప్‌ల పాదరసం ఉప్పుల్ని ప్రిజర్వేటివ్‌గా, అంటే సరుకు చెడిపోకుండా, వాడే పాత అలవాటు, నాకైతే ఇది ఎప్పటికీ మింగుడు పడదు.

ఇగ కుంకుమ, కాటుక సంగతి. ఇంట్ల పసుపుకు సున్నం పట్టించి చేసుకునే కుంకుమతో సీసం పేచీ లేదు, బజార్ల సింధూరంలో ఎరుపు కోసం సీసపు రంగు, పాదరసం ఉండే ఇంగిలీకం వాడితేనే తిప్పలు. 2017లో అచ్చయిన ఒక అమెరికా స్టడీలో 118 సింధూరం శాంపిళ్ళు చూసిన్రు, అమెరికాలో కొన్నవాటిల్ల 83 శాతం, ఇండియాలో కొన్నవాటిల్ల 78 శాతం గ్రాముకు 1 మైక్రోగ్రాము (అంటే 1 పీపీఎం), అంతకన్నా ఎక్కువ సీసంతో ఉన్నయ్. సుర్మా కథ ఇంకా పాతది, 1968లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో కండ్లకు పెట్టే సుర్మాతో సీసం ఎక్కిన కేసుల గురించి రాసిన్రు.

మేడారం జాతరలో గద్దెల దారి పొడుగునా, వేములవాడ గుడి ముందట, భద్రకాళి గుడి దగ్గర, కుంకుమ కుప్పలుగా పోసి గ్లాసుతో కొలిచి పొట్లం కట్టిస్తరు. ఆ పొట్లానికి లేబుల్ ఉండదు, బ్యాచ్ నంబర్ ఉండదు, ఎవరు తయారుచేసిన్రో తెలవది. చట్టం నడిచేది ఈ మూడింటి మీదనే. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ దుకాణంలోకి వస్తే శాంపిల్‌కు ధర కట్టి తీసుకుంటడు, నాలుగు భాగాలు చేసి సీల్ వేస్తడు, ఒకటి దుకాణందారుకు, ఒకటి గవర్నమెంట్ అనలిస్ట్‌కు (సర్కారు ల్యాబ్‌ల పరీక్ష చేసే అధికారి), ఒకటి కోర్టుకు, ఒకటి ఆ దుకాణందారు సరుకు ఎవరి దగ్గర కొన్నడో వాళ్ళకు. రిపోర్ట్ మీద అనుమానముంటే 28 రోజుల్ల సవాల్ చేస్తే కోర్టు భాగం కలకత్తా సెంట్రల్ ల్యాబ్‌కు పోతది. సరుకు ఎవరి దగ్గర కొన్నరో పేరే లేనప్పుడు నాలుగో భాగం ఎవరికిస్తరు?

పేరున్నా ఆలస్యం వేరే సమస్య. మహారాష్ట్రలో 2018లో తీసిన బేబీ పౌడర్ శాంపిల్ పీహెచ్ (క్షార గుణం కొలత) ఎక్కువుందని అక్కడి ఎఫ్‌డీఏ 2022లో ఒక పెద్ద కంపెనీ లైసెన్స్ రద్దు చేస్తే, ఇన్నేండ్లు ఎందుకు ఆగిన్రని బొంబాయి హైకోర్టు 2023 జనవరిలో ఆ ఆర్డర్లు కొట్టేసింది.

చాలామందికి తెలవని సంగతి, అదే చట్టంలో సెక్షన్ 26 ఉంది. కొన్నోళ్ళు ఎవరైనా ఫీజు కట్టి కాస్మెటిక్‌ను గవర్నమెంట్ అనలిస్ట్‌కు ఇచ్చి, సంతకంతో రిపోర్ట్ తీసుకోవచ్చు. కొన్నోళ్ళం అని చెప్పాలంటే చేతిలో బిల్లు ఉండాలె, డబ్బా మూత తియ్యకుండా ఇస్తే ఇంకా మంచిది. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే బోర్డు) గుర్తింపు ఉన్న ప్రైవేట్ ల్యాబ్‌కు పోయినా క్రీమ్ అయితే ఉత్త హెవీ మెటల్స్ అని రాయించకుండా పాదరసం అని పేరు పెట్టి రాయించుకోవాలె, లేకుంటే వాళ్ళు సీసం, ఆర్సెనిక్ చూసి పాస్ అని ఇచ్చేస్తే మీరు అడిగింది చూసినట్టు కాదు.