డ్రూల్స్‌లో నెస్టెడ్ ఆబ్జెక్టులు: అపోహలు - వాస్తవాలు

డ్రూల్స్ అంటే 'ఇలా ఉంటే ఇలా చెయ్యి' అనే రూల్స్‌ను నడిపే జావా రూల్ ఇంజిన్. దాన్ని కొత్తగా నేర్చుకునేవాళ్లు రూల్ రాయడం దగ్గర పెద్దగా తడబడరు. ఆబ్జెక్ట్ లోపల ఆబ్జెక్ట్ (నెస్టెడ్) వచ్చినప్పుడే చిక్కంతా. ఆరోగ్య బీమా క్లెయిమ్‌నే తీసుకుందాం. క్లెయిమ్ లోపల పాలసీ, ఆసుపత్రి చిరునామా, బిల్లుల లిస్టు ఉంటాయి.

అపోహ: క్లెయిమ్‌ను ఇన్సర్ట్ చేస్తే (ఇంజిన్‌కు అందిస్తే) లోపలి బిల్లులూ వర్కింగ్ మెమరీలోకి, అంటే ఇంజిన్ రూల్స్‌తో పోల్చి చూసే ఆబ్జెక్టుల్లోకి, వెళ్లిపోతాయి.

వాస్తవం: వెళ్లవు. మనం ఇచ్చిన ఆబ్జెక్ట్ ఒక్కటే ఇంజిన్‌కు తెలుసు. బిల్లు మీద నేరుగా ప్యాటర్న్ (రూల్‌లోని షరతు) రాస్తే ఎర్రర్ కూడా రాదు, రూల్ కదలదంతే. బిల్లుల్ని విడిగా ఇన్సర్ట్ చేయాలి, లేదా 'ఫ్రమ్' వాడి క్లెయిమ్‌లోని లిస్టు నుంచి తీసుకోవాలి.

అపోహ: లోపలి విలువ మారిస్తే దానిమీద ఆధారపడ్డ రూల్స్ మళ్లీ నడుస్తాయి.

వాస్తవం: నన్ను బాగా ఏడిపించింది ఇదే. ఒక ప్రాజెక్టులో ఒక రూల్ బిల్లు మొత్తాన్ని సెట్టర్‌తో (విలువ మార్చే మెథడ్‌తో) తగ్గించింది. పరిమితి చూసే రూల్ మాత్రం పాత మొత్తాన్నే పట్టుకుని క్లెయిమ్‌ను తిరస్కరించింది. లాగ్‌లో కొత్త అంకె, నిర్ణయం పాతది. రెండు రోజులు ఒకటే టెన్షన్.

ప్యాటర్న్‌ను సరిచూసేటప్పుడు ఇంజిన్ లోపలి విలువను చదువుతుంది. ఆ తర్వాత దానిమీద నిఘా పెట్టదు. మారిందని మనమే చెప్పాలి, అదీ ఇన్సర్ట్ చేసిన పై ఆబ్జెక్ట్ ద్వారా. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. డ్రూల్స్ 7 నుంచి ప్రాపర్టీ రియాక్టివిటీ మామూలుగానే ఆన్‌లో ఉంటుంది. మోడిఫైలో (మార్పును ఇంజిన్‌కు తెలిపే బ్లాక్‌లో) ఏ ఫీల్డ్‌ను సెట్ చేశామో చూసి, దాన్ని వాడే ప్యాటర్న్‌లనే ఇంజిన్ మళ్లీ పరిశీలిస్తుంది. క్లెయిమ్‌ను మోడిఫై చేస్తూ వేరే ఫీల్డ్‌ను సెట్ చేస్తే, బిల్లులు చూసే ప్యాటర్న్‌కు ఆ కబురు అందకపోవచ్చు. అందుకే నేను బిల్లుల్ని ప్యాటర్న్‌లో బైండ్ చేసి (ఒక పేరుకు కట్టి), మోడిఫైలో అదే లిస్టును తిరిగి సెట్ చేస్తాను.

అసలు రూల్స్ మధ్యలో మారే వాటిని నెస్టెడ్‌గా ఉంచకపోవడమే మేలు. బిల్లుల్లాంటివి విడి ఫ్యాక్టులుగా (విడిగా ఇన్సర్ట్ చేసిన ఆబ్జెక్టులుగా) పెట్టండి. పాలసీ నంబరు, ఊరి పేరు లాంటివి లోపలే ఉన్నా ఇబ్బంది లేదు.

అపోహ: మధ్యలో నల్ (విలువేమీ లేకపోవడం) ఉంటే ఇంజినే చూసుకుంటుంది.

వాస్తవం: చిరునామా నల్ అయితే ఊరి పేరు అడిగిన చోట నల్ పాయింటర్ ఎక్సెప్షన్ అనే ఎర్రర్ వచ్చి పడుతుంది. చుక్కకు బదులు !. రాస్తే, నల్ ఉన్నప్పుడు ప్యాటర్న్ మ్యాచ్ కాదు. అలాంటప్పుడు చిరునామా లేని క్లెయిమ్ ఎవరి కంటా పడకుండా జారిపోతుంది. దాన్ని పట్టుకోవడానికి విడిగా ఒక రూల్ రాయండి.