సైకిల్ ట్రాక్ వద్దన్నదీ సైకిల్ క్లబ్బులే

సైకిల్ క్లబ్ అనగానే ఆదివారం తెల్లవారకముందే హెల్మెట్లు పెట్టుకుని బయల్దేరే గుంపే చాలామంది కళ్ల ముందు మెదులుతుంది. అదే క్లబ్ వినతిపత్రం పట్టుకుని రోడ్ల శాఖ ఆఫీసు మెట్లెక్కితే మాత్రం, వ్యాయామం చేసుకునేవాళ్లకు ఈ గొడవలన్నీ ఎందుకన్నట్టు చూస్తారు. నిజానికి షికారు, వినతిపత్రం కలిసే పుట్టాయి. ఇంకో విచిత్రం కూడా ఉంది. ఇవాళ ప్రత్యేక దారి కావాలని అడుగుతున్న క్లబ్బుల పూర్వీకులే ఒకప్పుడు అలాంటి దారి వద్దని గట్టిగా అడ్డం తిరిగారు. అది మూర్ఖత్వం కాదు. వాళ్ల భయాల్లో సగం ఇప్పటికీ నిజమే.

1878లో ఇంగ్లండ్‌లోని హారోగేట్‌లో బైసికిల్ టూరింగ్ క్లబ్ మొదలైంది. కొన్నేళ్లకే దాని పేరు సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్‌గా మారింది. అప్పటి సైకిల్‌కు ముందు చక్రం పెద్దది, వెనకది చిన్నది. తొక్కేవాడు పెద్ద చక్రం మీద, దాదాపు మనిషెత్తున కూర్చునేవాడు. చక్రానికి చిన్న రాయి అడ్డం తగిలినా తలకిందులుగా ముందుకు పడేవాడు. వాలులో బ్రేకు గట్టిగా పట్టినా అదే గతి. అందుకే ఆ క్లబ్ ఊరికి చేసిన తొలి పనుల్లో ఒకటి, నిటారు దిగుళ్ల పైన సైకిలిస్టుల కోసం హెచ్చరిక బోర్డులు పాతడం. 1886లో మరో సైకిల్ సంఘంతో కలిసి రోడ్స్ ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్ పెట్టి, రోడ్లు ఎలా బాగుచేయాలో వివరించే కరపత్రాలను రోడ్ల అధికారులకు పంచింది. 1888లో బ్రిటన్ చట్టం సైకిల్‌ను బండిగా గుర్తించింది. దాంతో గుర్రబ్బండికి రోడ్డు మీద ఎంత హక్కు ఉందో సైకిల్‌కూ అంతే వచ్చింది. ఈ హక్కును గుర్తుపెట్టుకోవాలి, తర్వాత జరిగిన గొడవకంతా మూలం ఇదే.

అమెరికాలోనూ దాదాపు ఇదే వరస. 1880లో న్యూపోర్ట్‌లో లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్‌మెన్ ఏర్పడింది. మంచి రోడ్ల కోసం 1892లో ఏకంగా ఒక పత్రికే నడిపింది. ఈ ఒత్తిడి మధ్యే 1893లో కేంద్ర వ్యవసాయ శాఖ కింద రోడ్ల పరిశీలనకు ఒక కార్యాలయం వెలిసింది. 1898 నాటికి సభ్యుల సంఖ్య లక్ష దాటింది. అదే సంఘం 1894లో నల్లజాతి వాళ్లకు సభ్యత్వం లేదని తీర్మానించింది. రోడ్డు అందరిదీ అన్న నోటితోనే ఆ మాటా అన్నారు. ఆ తీర్మానాన్ని అధికారికంగా రద్దు చేసింది 1999లో. నెదర్లాండ్స్‌లో 1883లో సైకిలిస్టులు పెట్టుకున్న ఏఎన్‌డబ్ల్యూబీ దారి చూపే బోర్డులు పాతింది, సైకిల్ బాటలు వేయించింది. తర్వాత అదే కారు యజమానుల సంఘంగా పెరిగింది.

ఇక్కడే అసలు మలుపు. ఆ తొలి తరం అడిగింది నునుపైన రోడ్డు, వచ్చిందీ నునుపైన రోడ్డే. దాని మీద వేగంగా పరుగెత్తింది మాత్రం కారు.

1930ల నాటికి బ్రిటన్‌లో సైకిలిస్టుల మరణాలు పెద్ద సమస్య అయ్యాయి. 1934 డిసెంబరు 14న రవాణా మంత్రి హోర్-బెలీషా పశ్చిమ లండన్‌లో వెస్టర్న్ అవెన్యూ పక్కన సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. పొడవు రెండున్నర మైళ్లు. రోడ్డుకు రెండు వైపులా ఒక్కోటి 8 అడుగుల 6 అంగుళాల వెడల్పు, పైన కాంక్రీటు. ఇవాళ్టి చాలా ట్రాకుల కంటే అదే వెడల్పు. అయినా సైకిలిస్ట్స్ టూరింగ్ క్లబ్ దాన్ని వ్యతిరేకించింది. కారణాలు రెండు. ఒకటి, పక్కన ట్రాక్ ఉందంటే రేపు రోడ్డు మీదికి రావద్దంటారు, 1888లో సంపాదించుకున్న హక్కు పోతుంది. ఇది ఊహాజనితమైన భయం కాదు. అదే 1934లో జర్మనీ, ట్రాక్ ఉన్నచోట సైకిలిస్టులు దాని మీదే వెళ్లాలని నిబంధన పెట్టింది. రెండోది, ట్రాక్ సాఫీగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది కానీ అడ్డరోడ్డు వచ్చినప్పుడల్లా తెగిపోతుంది. అక్కడ దిగి, అటూ ఇటూ చూసి, మళ్లీ ఎక్కాలి. ప్రమాదాలు జరిగేది సరిగ్గా అక్కడే కాబట్టి, ప్రమాదం లేనిచోట రక్షణ ఇచ్చి ఉన్నచోట చేతులెత్తేసినట్టే.

రెండో అభ్యంతరానికి జవాబుగా కూడళ్లను బాగుచేయమని పట్టుబట్టి ఉంటే కథ వేరుగా ఉండేదేమో. క్లబ్ మొత్తం ట్రాకునే వద్దంది. రోడ్డు మీద బలంగా తొక్కగలిగే సభ్యుడికి అది సరిపోయింది. బడికెళ్లే పిల్ల సంగతి ఆ వాదనలో లేదు.

ఆ పిల్లల వల్లే నెదర్లాండ్స్‌లో వాదన మారింది. 1970ల మొదట్లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాలు ఏడాదికి 3,000 మందికి పైగా ప్రాణాలు తీసేవి. వాళ్లలో పిల్లలే 400కు పైగా. కూతుర్ని ప్రమాదంలో పోగొట్టుకున్న ఒక పాత్రికేయుడి వ్యాసంతో 'స్టాప్ డి కిండర్‌మూర్ట్' ఉద్యమం రాజుకుంది. పిల్లల హత్యలు ఆపండి అన్నదే దాని పేరు, దాని డిమాండు. తల్లిదండ్రులు వీధులకు అడ్డం కట్టి పిల్లల్ని ఆడించారు, రోడ్డు మధ్యలో బల్లలు వేసి భోజనాలు పెట్టారు. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. నవంబరు 4తో మొదలుపెట్టి కొన్ని ఆదివారాలు కార్లు నడపరాదని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. ఖాళీ రోడ్లు ఎలా ఉంటాయో జనం కళ్లారా చూశారు. 1975లో రోజువారీ సైకిలిస్టుల సంఘం, ఇప్పటి ఫీట్సర్స్‌బాండ్, పుట్టింది.

అక్కడా ఒక్క దెబ్బకు అన్నీ సర్దుకోలేదు. 1970ల రెండో సగంలో హేగ్, టిల్‌బర్గ్ నగరాల్లో కేంద్ర ప్రభుత్వ డబ్బుతో ఒక్కో ఖరీదైన సైకిల్ మార్గం కట్టారు. ఆ దారిలో రద్దీ పెరిగింది కానీ ఊరు మొత్తమ్మీద సైకిళ్లు పెద్దగా పెరగలేదు. ఎంత మంచి దారైనా, ఇంటి నుంచి దాని దాకా రావడానికి, దాని నుంచి పని చోటికి పోవడానికి దారి లేకపోతే లాభమేముంది? 1980లలో డెల్ఫ్ట్ నగరం ఇందుకు ఎదురు పద్ధతి పట్టింది. ఊరంతా మూడు అంచెల వలలా అల్లింది. ఊరు దాటే దారులు 400 నుంచి 600 మీటర్లకొకటి, పేటలను కలిపేవి 200 నుంచి 300 మీటర్లకొకటి, ఇళ్ల మధ్యవి 100 నుంచి 150 మీటర్లకొకటి. ఎక్కువ భాగం కొత్త కట్టడం కాదు, తెగిపోయిన చోట్ల అతుకులు వేయడమే. ఒకచోట కాలువ మీద చిన్న వంతెన, మరోచోట వన్‌వే వీధిలో సైకిళ్లకు ఎదురు ప్రయాణానికి అనుమతి. ఈ పద్ధతి స్పెయిన్‌లోనూ ఫలించింది. సెవీల్‌లో 1987 నుంచి సైకిల్ దారులు కావాలని తిరిగిన 'ఆ కాంట్రామానో' అనే సంఘం ఉంది. 2006 తర్వాత కొద్ది ఏళ్లలోనే ఆ నగరం ఒకదానికొకటి కలిసే దాదాపు 80 కిలోమీటర్ల ట్రాకు వేసింది. అసలు సైకిలే కనిపించని ఊళ్లో సైకిళ్లు మామూలు విషయమైపోయాయి.

ఎవరో కట్టి ఇచ్చేదాకా ఆగని క్లబ్ కూడా ఒకటుంది. 1977లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో సైకిల్‌బ్యాగ్ అనే బృందం మూతపడ్డ రైలు మార్గం మీద కన్నేసింది. రైలు కట్ట మీద ఎత్తుపల్లాలు స్వల్పం, రోడ్లను ఎక్కువ చోట్ల వంతెన మీదుగానో కిందుగానో దాటుతుంది కాబట్టి కూడళ్లు తక్కువ. 1979, 1986 మధ్య స్వచ్ఛంద సేవకుల శ్రమ కూడా కలిసి బ్రిస్టల్ నుంచి బాత్ దాకా 13 మైళ్ల బాట తయారైంది. ఆ బృందమే తర్వాత సస్ట్రాన్స్ సంస్థ అయింది.

ఈ చరిత్రంతా తెలిస్తే, ఇవాళ క్లబ్బులు చేసే పనులు విడివిడి కార్యక్రమాలుగా కనిపించవు. కొత్తవాళ్ల సవారీలో ముందొకరు దారి చూపుతారు, చివర ఒకరు ఎవరూ వెనకబడకుండా చూస్తారు, మలుపు దగ్గర ఒకరు నిలబడి చివరివాళ్లు వచ్చేదాకా కదలరు. వేగం గంటకు 15 కిలోమీటర్లు దాటనివ్వరు. కొత్తవాడు ఎక్కడ దిగి సైకిల్ నడిపించుకుంటున్నాడో రాసిపెట్టుకుంటే, దారిలో లోపాల పట్టిక దానంతటదే తయారవుతుంది. రోజూ తొక్కేవాడికి ఆ చోట్లు కనపడవు, అలవాటైపోయి ఉంటాయి.

ఉచిత మరమ్మతు శిబిరంలో సైకిల్‌ను ఎం ఆకారంలో చూస్తారు. ముందు చక్రం యాక్సిల్ దగ్గర మొదలుపెట్టి హ్యాండిల్ దాకా పైకి, అక్కడి నుంచి పెడల్ యాక్సిల్ దాకా కిందికి, మళ్లీ సీటుకు, చివర వెనక చక్రానికి. ముందు బ్రేకు పట్టి సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే హ్యాండిల్ దగ్గర టక్కుమంటే అక్కడ లూజుంది. బ్రేకు లివర్ పూర్తిగా నొక్కినా హ్యాండిల్‌ను తాకకూడదు. ముఖ్యంగా చూడాల్సింది బ్రేకు రబ్బరు. అది రిమ్ముకు కాకుండా కాస్త పైకి జరిగి టైరు పక్క గోడకు రాసుకుంటూ ఉంటే, కొన్నాళ్లకు గోడ అరిగి ట్యూబు బుగ్గలా బయటికొచ్చి పేలుతుంది. సైకిల్ బాగైనవాళ్లు అక్కడే తమ రోజువారీ దారి గురించి చెప్తారు. వినతిపత్రానికి సంతకాలూ అక్కడే దొరుకుతాయి.

లెక్క లేని వినతిపత్రం బుట్టదాఖలే. పండగా సెలవూ కాని రోజు, బడి వేళా ఆఫీసు వేళా కలిసేలా, పావుగంటకొక వరుస చొప్పున లెక్కించాలి. మొత్తం అంకె ఒక్కటే చాలదు. ఆడవాళ్లు ఎందరు, పిల్లలు ఎందరు, రోడ్డు మీద కాకుండా ఫుట్‌పాత్ ఎక్కి పోయేవాళ్లు ఎందరు అన్నవి విడిగా రాయాలి. ఫుట్‌పాత్ అంకె పెద్దదైతే రోడ్డు భయపెడుతోందన్నమాట. ట్రాక్ వచ్చాక అదే చోట, అదే వారం, అదే వేళ మళ్లీ లెక్కించకపోతే మొదటి లెక్క ఎందుకూ కొరగాదు.

ఇక కొలతలు. హ్యాండిల్ వెడల్పు 60 నుంచి 70 సెంటీమీటర్లు. నెమ్మదిగా వెళ్లే సైకిల్ కొంచెం అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఒక మనిషికి మీటరు కావాలి. ఆగిన కార్ల పక్కన మీటరున్నర గీత గీసి లేన్ అంటే, తెరిచిన కారు తలుపు దాదాపు మీటరు మింగేస్తుంది. అంటే ఆ రంగు సైకిలిస్టును తలుపు దారిలోకి పిలుస్తోంది. గీత లేని రోడ్డే నయం. మురుగు జాలీ చువ్వలు ప్రయాణ దిశలోనే ఉంటే సన్నటి టైరు వాటి సందులో దిగిపోతుంది. జాలీని అడ్డంగా తిప్పి పెడితే చాలు. ఇంత చవకైన మరమ్మతు ఇంకోటి లేదు.

అన్నిటికంటే కష్టం 1934లో తేలని కూడలే. తిన్నగా వెళ్లే సైకిల్, పక్కనే వెళ్తూ మలుపు తీసుకునే వాహనం ఒకే క్షణంలో కలుస్తాయి. డ్రైవరు మెడ తిప్పి వెనక్కి చూడాల్సిన కోణంలో సైకిల్ ఉంటుంది. లారీ అయితే అసలు కనపడదు. డచ్ వాళ్ల ఉపాయం, ట్రాకును కూడలి దగ్గర ప్రధాన రోడ్డు నుంచి ఒక కారు పొడవంత, సుమారు 5 మీటర్లు, లోపలికి జరపడం. వాహనం మలుపు తిరిగేసరికి సైకిల్ దాని అద్దాల్లో కాదు, ముందు గాజులోంచి కనిపిస్తుంది. వెనక రోడ్డు మీద వాహనాలకు అడ్డం కాకుండా ఆ కారు ఆగడానికీ చోటు దొరుకుతుంది. మూల గుండ్రం చిన్నదిగా, దాటే చోటు ఫుట్‌పాత్ ఎత్తులో ఉంటే వేగం దానంతటదే తగ్గుతుంది. ఈ ఐదు మీటర్లను నక్షా దశలోనే అడగాలి. కట్టాక అక్కడ స్తంభమో ట్రాన్స్‌ఫార్మరో వచ్చి కూర్చుంటుంది.

ట్రాక్ ప్రారంభోత్సవం అయ్యాక క్లబ్బుకు ఇంకో పని మొదలవుతుంది. రోడ్డు మీది గాజుపెంకులు, కంకర వాహనాల గాలికి అంచుకు చేరతాయి, అంచే ట్రాకు. ట్రాక్ వెడల్పు ఊడ్చే యంత్రం కంటే తక్కువైతే దాన్ని ఎవరూ ఊడవరు. అందుకే వెడల్పు గురించి మాట్లాడేటప్పుడే, ఏ యంత్రంతో, వారానికి ఎన్నిసార్లు, ఎవరు ఊడుస్తారన్నది కాగితం మీద రాయించుకోవాలి. కార్లు రాకుండా మొదట్లో పాతే స్తంభాలనూ అప్పుడే చూసుకోవాలి. వాటి మధ్య మీటరున్నర సందు ఉండాలి, చీకట్లో మెరిసే పట్టీ అంటించాలి, స్తంభానికి కొన్ని మీటర్ల ముందు నుంచే నేల మీద తెల్ల గీత గీయాలి. గుంపుగా వెళ్లేటప్పుడు ముందువాడు పక్కకు తప్పుకునేదాకా వెనకవాడికి ఆ స్తంభం కనపడదు.