కాయ తల్లిది, గింజ ఇద్దరిది: విత్తనాల మార్పిడిలో అపోహలు – వాస్తవాలు

ఏరువాక పున్నమికి ముందు వచ్చే ఆదివారం నాడు మా కాలనీలో మిద్దెతోటలు పెంచుకొనేవాళ్ళమంతా ఎవరో ఒకరి డాబా మీద చేరి, ఏడాదిగా దాచుకొన్న కూరగాయల విత్తనాలను ఇచ్చిపుచ్చుకోవడం కొన్నేళ్ళుగా సాగుతున్న అలవాటు. డబ్బు ప్రసక్తి ఉండదు. పాత పెళ్ళిపత్రికలు చించి కట్టిన పొట్లాల మీద "నాటు సొర", "అమ్మమ్మ ఊరి బీర", "ప్యూర్ దేశవాళీ వంగ" అని రాసి ఉంటుంది. ఇరవై ఏళ్ళకు పైగా విత్తనోత్పత్తి పొలాల్లో, మొదట గద్వాల ప్రాంతంలో విత్తనం కోసమే పండించే సీడుపత్తి చేలల్లోనూ తరువాత కర్ణాటకలోని రాణెబెన్నూరు చుట్టుపక్కల కూరగాయల విత్తన మడుల్లోనూ పర్యవేక్షకుడిగా పనిచేసినవాణ్ణి కాబట్టి, ఆ "ప్యూర్" అనే మాట కనబడగానే "పువ్వు కట్టారా?" అని, అంటే వేరే మొక్క పుప్పొడి పడకుండా పువ్వును విచ్చకముందే మూసి కట్టారా అని, అడగకుండా ఉండలేను. ప్రతిసారీ వచ్చే జవాబు ఒక్కటే: "కాయ చూడండి సార్, ఎంత ముచ్చటగా ఉందో!"

విత్తనాలు మార్చుకొనేవాళ్ళకు అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఈ జవాబులోనే ఉంది. కాయ బాగుంటే అందులోని విత్తనమూ అదే రకమని మనం నమ్ముతాం. కాని కాయ తొక్క, కండ, రుచి, ఆకారం అన్నీ తల్లి మొక్కవే. ఆ పువ్వు మీద ఎవరి పుప్పొడి పడినా ఈ ఏటి కాయలో తేడా కనిపించదు. గింజ లోపలి పిండంలో మాత్రం సగం తల్లిది, సగం తండ్రిది. అంటే మీ పాదుకు కాసిన నవనవలాడే సొరకాయలోని గింజల్లో, పక్కవీధిలో మీరెన్నడూ చూడని మరో సొరపాదు సగభాగం పంచుకొని ఉండవచ్చు, ఆ సంగతి మీ కాయ మీకు చెప్పదు. అది తెలిసేది మరుసటి ఏడు, అదీ మీ ఇంట్లో కాదు, మీరు ప్రేమగా పొట్లం కట్టి ఇచ్చినవాళ్ళ ఇంట్లో.

సొర, బీర, దోస, గుమ్మడి వంటి తీగజాతి పాదుల్లో ఆడపువ్వులు వేరు, మగపువ్వులు వేరు. పుప్పొడి మోసుకొచ్చేది తేనెటీగలో, సాయంత్రం విచ్చే పువ్వులకైతే చిమ్మెట్లో. వాటికి మన ప్రహరీగోడలు పట్టవు. అందుకే విత్తన ధ్రువీకరణ నియమాలు టమాటా రకాల మధ్య కొన్ని పదుల మీటర్ల దూరంతో సరిపెట్టుకొని, తీగజాతికి మాత్రం వందల మీటర్ల దూరం అడుగుతాయి. హైదరాబాదులో వందల మీటర్ల పరిధిలో ఎన్ని మిద్దెలుంటాయో, వాటిమీద ఎన్ని పందిళ్ళుంటాయో మీరే లెక్కవేసుకోండి. సీడుపత్తి చేలల్లో క్రాసింగ్ కూలీలు మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా ఒక్కొక్క మొగ్గ నుంచీ మగభాగాన్ని గోటితో ఒలిచివేసి, మర్నాడు పొద్దున తాము ఎంచుకొన్న పుప్పొడిని దానికి అద్దడం ఏళ్ళతరబడి చూశాను. ఒక్క మొగ్గను ఒలవడం మరిచిపోతే ఆ కాయను ఏరి పారవేసేవాళ్ళం. అంత జాగ్రత్త తీసుకొంటేగాని ఎవరి సంతానం ఎవరో చెప్పలేని పనిలో, మనం డాబా మీద కాయ అందం చూసి "ప్యూర్" అని రాసేస్తున్నాం.

ఇతరులను తప్పుపట్టేముందు నా తప్పు చెప్పుకోవాలి. ఉద్యోగం మానుకొన్న కొత్తలో, ఇంతకాలం చేసిన పనే కదా అన్న ధీమాతో, పువ్వు కట్టకుండానే నా పందిరి మీది సొరకాయ ఒకటి ఎండబెట్టి, ఆ గింజలను పన్నెండు ఇళ్ళకు పంచాను. మరుసటి భాద్రపదంలో ఒక రాత్రి పదిన్నరకు ఒకావిడ ఫోన్ చేశారు. మొదటి కాయ కోసి కూర వండారట, చేదుగా ఉన్నా పారవేయడానికి మనసొప్పక నాలుగు ముద్దలు తిన్నారట, ఆవిడకూ కొడుక్కూ వాంతులు పట్టుకొన్నాయి. ఆవిడ గొంతులో కోపం లేదు. "నేనేమైనా ఎరువు ఎక్కువ వేశానా అన్నయ్యా?" అని తననే తాను నిందించుకొంటున్నారు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళమన్నాను, ఒక రాత్రి సెలైనుతో ఇద్దరూ కోలుకొన్నారు. తరువాత విచారిస్తే తెలిసింది, మా వెనకవీధిలో ఒకాయన ఎండబెట్టి రంగులు వేసుకొనే అలంకారపు సొరబుర్రల కోసం పొడుగు మెడ సొరను పెంచుతున్నాడని. ఆ రకాల్లో చేదు సర్వసాధారణం, పైగా చేదు గుణం ప్రబలమైనది కాబట్టి ఒక్కవైపు నుంచి వచ్చినా చాలు. నా కాయ తియ్యగానే ఉంది, ఎందుకంటే అది నా పాదు కాయ. చేదు గింజలో దాగి ఉంది.

చేదు సొరకాయతో ఆటలాడరాదు. తీగజాతిలో ఈ చేదుకు కారణమైన కుకుర్బిటసిన్‌లు మోతాదు మించితే తీవ్రమైన వాంతులు, విరేచనాలు, రక్తస్రావం కలిగిస్తాయి. ఆరోగ్యం కోసమని చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోగొట్టుకొన్నవారున్నారు, ఆ తరువాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నియమించిన నిపుణుల సంఘం చేదుగా ఉన్న సొరకాయ రసాన్ని తాగవద్దని హెచ్చరించింది. వండితే చేదు విరిగిపోతుందని నమ్మి పొయ్యి మీద పెట్టకండి. దోసకాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చేదు చూడనిదే పప్పులో వేయని మన ఇళ్ళలో, అదే మర్యాద సొరకాయకు కూడా దక్కాలి.

ఇక్కడే ఇంకో వదంతి గురించి చెప్పాలి. "కాకర పక్కన పెట్టాను కాబట్టే సొర చేదెక్కింది" అని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, పాపం కాకరపాదును పీకేసినవాళ్ళను కూడా చూశాను. కాకర వేరే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), సొర వేరే ప్రజాతి. ఆ రెండింటికీ సంకరం జరగదు, పక్కపక్కనే ఒకే పందిరి మీద పాకినా సరే. చుట్టరికం చూడవలసింది వేరే చోట. మన పచ్చని పప్పు దోసకాయ కీరాకు బంధువులా కనిపిస్తుందిగాని, నిజానికి దాని దగ్గరి చుట్టం ఖర్బూజా. ఈ రెండూ ఒకే జాతి కాబట్టి కలుస్తాయి, కీరాతో మాత్రం కలవవు. బీరకూ నేతిబీరకూ మధ్య సంకరం సాధ్యమే. సొరలో గుండ్రటివి, పొడుగువి, బుర్రవి అన్నీ ఒకటే జాతి.

పువ్వు కట్టడం పెద్ద విద్యేమీ కాదు. ఆడపువ్వు కింద చిట్టి పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉండదు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గలు రంగు తిరిగి, కొన బిగువు సడలినట్టు కనబడతాయి. ఒక ఆడమొగ్గనూ రెండు మూడు మగమొగ్గలనూ విచ్చకముందే దారంతోనో కాగితపు టేపుతోనో కొన దగ్గర కట్టివేయాలి. గుమ్మడి, దోస, కాకర, నేతిబీర పువ్వులు పొద్దున విచ్చుతాయి కాబట్టి ముందురోజు సాయంత్రం కట్టాలి. సొర, బీర సాయంత్రం విచ్చుతాయి కాబట్టి అదే రోజు మధ్యాహ్నం కట్టి, పొద్దు వాలాక విప్పాలి. ఈ వేళల తేడా తెలియక బీరపువ్వు కోసం తెల్లవారుజామున లేచి, వాడిపోయిన పువ్వును చూసి నిరాశపడినవాళ్ళు మా బృందంలోనే నలుగురున్నారు. విచ్చే వేళకు మగపువ్వు రేకులు తుంచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యన మెల్లగా అద్ది, ఆడపువ్వును మళ్ళీ కట్టివేసి, కాడకు ఎర్రదారం చుట్టండి. ఆ దారమున్న కాయ ఒక్కటే విత్తనానికి, మిగతావన్నీ కూరకు. ఆ కాయ పాదు మీదే పూర్తిగా ముదరాలి. సొర, బీర అయితే ఎండి, ఊపితే గలగలమనాలి. లేత కాయ గింజ మొలవదు.

అన్ని కూరగాయలకూ ఇంత శ్రమ అక్కరలేదు. టమాటా, చిక్కుడు, గోరుచిక్కుడు, అలసంద చాలావరకు తమ పుప్పొడితోనే తాము ఫలదీకరణ చెందుతాయి, కొత్తవాళ్ళు వీటితో మొదలుపెట్టడం మేలు. వంగ, బెండ, మిరప నడిమి రకం; ముఖ్యంగా మిరప పైకి సాధువుగా కనబడి పక్క రకాలతో బాగా కలిసిపోతుంది. వీటి కొమ్మకు మొగ్గ దశలోనే, శుభకార్యాల్లో తాంబూలం పెట్టి ఇచ్చే సన్నని వల సంచి తొడిగి, పిందె పడ్డాక తీసివేస్తే చాలు.

హైబ్రిడ్ కాయ గింజ మొలవదని, హైబ్రిడ్ అంటే జన్యుమార్పిడి అని, తింటే జబ్బులొస్తాయని చెప్పేవాళ్ళతో వాదించే ఓపిక నాకిప్పుడు తగ్గిపోయింది. హైబ్రిడ్ గింజ మొలుస్తుంది. అయితే పిల్లలు తలొక దారి పట్టి, ఒకటి తాతలాగా ఒకటి అమ్మమ్మలాగా కాస్తాయి కాబట్టి ఆ పొట్లాన్ని సూటి రకంగా (ఏటా ఒకేలా కాసే రకంగా) చలామణీ చేయకూడదు, అంతే. మన దేశంలో వాణిజ్య సాగులో ఉన్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే, అది 2002లో వచ్చింది. జన్యుమార్పిడి చేసిన బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలోనే ఆపివేశారు. బజారు టమాటాలో భూతాలు లేవు.

విత్తనాలు మార్చుకొంటే కేసులు పెడతారన్న ప్రచారం విని ఒక పెద్దాయన మా సమావేశానికి రావడమే మానుకొన్నారు. ఆయన భయాన్ని నేను ఎగతాళి చేయను, భయపెట్టినవాళ్ళ మీదే నా కోపం. 1966 విత్తన చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం, తాను పండించిన విత్తనాన్ని తన ఆవరణలోనే నేరుగా మరొకరికి విత్తుకోవడానికి ఇస్తే ఆ చట్టం వర్తించదు. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ రైతుకు విత్తనం దాచుకొనే, మళ్ళీ విత్తుకొనే, మార్చుకొనే, పంచుకొనే, అమ్ముకొనే హక్కునిచ్చింది. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో అమ్మడం మాత్రమే కూడదంది. నిజంగా జాగ్రత్తపడవలసింది సరిహద్దు దాటేటప్పుడు. అమెరికాలోని కోడలికి గోంగూర గింజలను పచ్చడి సీసాల మధ్య దాచి పంపేవాళ్ళు, అక్కడ విత్తనాలకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రమో ముందస్తు అనుమతో కావాలని తెలుసుకోవాలి. చెప్పకుండా తీసుకువెళ్ళి పట్టుబడితే ఇబ్బందిపడేది కోడలే.

చిన్నవాటిని త్వరగా ముగిస్తాను. నీటిలో తేలిన గింజలన్నీ తాలు కావు, బాగా ఎండిన సొర, గుమ్మడి గింజలు తేలడం మామూలే. పది గింజలను తడిగుడ్డలో చుట్టి ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టడమే నమ్మదగిన పరీక్ష. బెండలో ఆకులు పసుపెక్కే పల్లాకు తెగులును మోసేది తెల్లదోమ, గింజ కాదు. అయినా తెగులు తట్టుకొన్న మొక్క నుంచే విత్తనం తీసుకోండి, ఎందుకంటే తట్టుకొనే శక్తి వారసత్వంగా వస్తుంది. ఆ మాటకొస్తే, మంచి బెండకాయలన్నీ తినేసి, ఆకుల చాటున కోయడం మరిచిపోయిన ముదురు కాయను విత్తనానికి వదలడం మనందరి అలవాటు. అది ఎంపిక కాదు, మతిమరుపు. తేమ ఒక్క శాతం తగ్గితే గింజ ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది కాబట్టి, ఫ్రిజ్‌లో పెట్టేముందు నీడలో బాగా ఆరబెట్టండి. చిక్కుడు, అలసంద గింజల్లో పుచ్చుపురుగు చాలాసార్లు కాయ చెట్టు మీద ఉండగానే గుడ్లు పెట్టి ఉంటుంది, అందుకే ఎంత గట్టిగా మూత బిగించినా డబ్బాలో పురుగు పుడుతుంది. ఆరిన గింజలను వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే ఆ బెడద తప్పుతుంది.

ఇప్పుడు మా సమావేశంలో పొట్లం మీద నాలుగు సంగతులు రాయనిదే బల్ల మీద పెట్టనివ్వడం లేదు: కూరగాయ పేరు, విత్తనం మొదట ఏ ఊరి నుంచి వచ్చింది, ఏ నెలలో తీశారు, పువ్వు కట్టారా లేదా. కట్టకపోతే "కట్టలేదు" అని రాస్తే సరిపోతుంది. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు, తీసుకొనేవాళ్ళు తెలిసి తీసుకొంటారు. ఆనాటి ఫోన్ ఆవిడ పోయినేడు తెచ్చిన సొర పొట్లానికి కాడకు చుట్టిన ఎర్రదారం ముక్కనే అతికించి పెట్టారు. ఇక పేరు రాయడం అన్నిటికన్నా సులువనుకొన్నాను, అదీ పొరపాటే. చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు "అనపగింజలు ఉన్నాయా పెదనాన్నా?" అని అడిగితే, కోనసీమలో పుట్టిన మా ఆవిడ ఆనపకాయ గింజలు ఇచ్చి పంపింది. వాళ్ళకు అనప అంటే ఒక రకం చిక్కుడైన అనుములు, మాకు ఆనపంటే సొర. సంక్రాంతికి పితికిన పప్పు వండుకొందామని విత్తిన ఆ కుర్రాడి పందిరికి గుండ్రటి సొరకాయలు వేలాడాయి. అప్పటినుంచి నా పొట్లాల మీద పేరు పక్కన కాయ బొమ్మ కూడా గీస్తున్నాను.