యుద్ధనౌకలో ఇనుము ఖర్చెంత?

చెన్నైలోని అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో మా బావకి చిన్న లేత్ వర్క్‌షాప్ ఉంది. నెల్లూరు నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లవుతోంది, ఇప్పటికీ కూలీలతో తమిళంలో, కోపమొస్తే తెలుగులో మాట్లాడతాడు. మొన్న ఆదివారం వెళ్తే టేబుల్ మీద గన్‌మెటల్ వాల్వు ఒకటి, పక్కన దానికంటే లావుపాటి ఫైలు ఉన్నాయి.

"ఏంటి బావా ఇది?"

"నేవీ ఓడకిరా. మొత్తం పన్నెండు పీసులు. కార్ల వాళ్లకైతే ఒకసారి సెట్టింగ్ చేసుకుని వేలల్లో లాగేస్తాను, దీనికి సెట్టింగ్‌కే రెండు రోజులు పోయింది."

ఉప్పునీళ్లు మామూలు ఇనుముని తినేస్తాయి కాబట్టి గన్‌మెటల్ వాడతారు. అందులో రాగి ఎంత, తగరం ఎంత అని ప్రతి పోతకీ రిపోర్టు కావాలి, నీళ్ల ప్రెజర్ టెస్టు ఇన్‌స్పెక్టర్ కళ్ల ముందే చెయ్యాలి.

యుద్ధనౌక అంటే మనకి కనిపించేది ఇనుపకొండ, కాబట్టి ఖర్చంతా అక్కడే అనుకుంటాం. మన విమానవాహక నౌక విక్రాంత్‌నే తీసుకోండి, దాదాపు 20,000 కోట్లు అయింది. అందులో ప్రత్యేకమైన ఉక్కు సుమారు 30,000 టన్నులు పట్టింది. రష్యా నుంచి రావాల్సిన ఉక్కు సరిగ్గా అందకపోతే హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని డీఎంఆర్ఎల్ (రక్షణశాఖ లోహ పరిశోధనశాల) వాళ్లు ఆ రకం ఉక్కుని ఇక్కడే రూపొందించి ఇచ్చారు, ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్ తయారుచేసింది. టన్నుకి రెండు లక్షలని లెక్కేసుకున్నా 600 కోట్లు, అంటే మూడు శాతం! మిగతాదంతా లోపల కూరిన సరుకు, దాన్ని కూర్చడానికి పట్టిన చాకిరీ. 2,300 గదులు, చెన్నై నుంచి ఢిల్లీ దాకా పరిచినా ఇంకా మిగిలేంత కేబుల్. పైగా పక్కన బాంబు పేలినా ఇవేవీ ఆగకూడదు. అమెరికా 2021లో తన ఫోర్డ్ విమానవాహక నౌకకి దగ్గర్లో సముద్రంలో 18 టన్నుల మందుగుండు పేల్చి మరీ చూసుకుంది.

ఇంట్లో వైరింగ్ మర్చిపోతే గోడ తవ్వుకోవచ్చు. ఓడలో అలా కుదరదు, పెద్ద యంత్రాలు ముందు దిగాలి, తర్వాతే పై డెక్కులు మూసుకోవాలి, వరుసలో ఒకటి ఆలస్యమైతే వెనకున్నవాళ్లంతా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. విక్రాంత్‌కి గేర్‌బాక్స్‌తో చిక్కొచ్చింది, డీజిల్ జనరేటర్లేమో రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నాయి (వేల కోట్ల ఓడని లారీ ఆపింది!). 2009లో కీల్ (ఓడకి వెన్నెముక లాంటి అడుగుభాగం) వేస్తే నౌకాదళంలో చేరింది 2022 సెప్టెంబర్‌లో.

అన్నిటికంటే ఖరీదైనది మాత్రం మధ్యలో మనసు మార్చుకోవడం అని నాకనిపిస్తుంది. బావకి కూడా పోతపోశాక డ్రాయింగ్ మారింది, నాలుగు పీసులు కరిగించాడు. అదే పని అమెరికా వాళ్లు పెద్ద ఎత్తున చేశారు. ఇటలీ వాళ్ల రెడీమేడ్ ఫ్రిగేట్ (మధ్యరకం యుద్ధనౌక) డిజైన్ తీసుకుని, 85 శాతం అలాగే ఉంచుతాం అని మొదలుపెట్టి, మార్చి మార్చి 15 శాతం కూడా మిగల్చలేదు. 2025లో రెండు ఓడలతో సరిపెట్టి మిగతావి రద్దు చేసుకున్నారు. వాళ్లదే జుమ్‌వాల్ట్ అనే డిస్ట్రాయర్ యుద్ధనౌక కథ ఇంకో రకం. 32 కడదామనుకుని మూడుతో ఆగిపోయారు, దాంతో పరిశోధన ఖర్చంతా ఆ మూడిటి నెత్తినే పడింది. దాని ఫిరంగికి తయారుచేసిన ప్రత్యేక గుండు ఒక్కోటి దాదాపు ఎనిమిది లక్షల డాలర్లకి చేరింది. ఇక ఆ గుళ్లు కొనడమే మానేశారు, ఫిరంగులు ఊరికే మిగిలాయి.

ఈ కథ చెప్తే బావ నవ్వలేదు. ఆరేళ్ల కిందట ఇలాంటిదే ఇంకో ఓడకి చేసిచ్చాడట. ఇప్పుడు స్పేర్‌కి రెండే రెండు పీసులు కావాలని కబురొచ్చింది. పోతకి వాడే చెక్క ప్యాట్రన్ అటకమీద ఉండాలి, తీసి చూస్తే సగం చెదలు తినేశాయి.

"ఆ రెండిటికీ ఎంత రేటు వేస్తావు బావా?"

"పన్నెండిటికి వేసిందే," అన్నాడు.