దంచిన ఉండ, దంచని ఉండ

నేను మొదటిసారి ఇంట్లో మాంసపు ఉండలు చేసిన రోజున ఒకటి పళ్ళెంలోంచి జారి నేల మీద పడింది. పడ్డది పడ్డచోటే ఉంటే బాగుండేది. బంతిలా ఎగిరి బల్ల కిందికి వెళ్ళింది. ఖీమా, ఉప్పు, ఉల్లిపాయ అన్నీ మిక్సీలో వేసి, ఎంత మెత్తగా రుబ్బితే ఉండ అంత మెత్తగా వస్తుందన్న లెక్కతో చాలాసేపు తిప్పాను. ముద్ద మెత్తగానే అయింది. ఉండలు మాత్రం రబ్బరులా తేలాయి. నాకు కావలసింది చెంచా తగిలితే విడిపోయే స్వీడన్ రకం. చేతికి వచ్చింది ఇండోనేషియా వాళ్ళు పనిగట్టుకుని సాధించే రకం. వాళ్ళు తిని ఉంటే మసాలా చాలలేదనేవారేమో కానీ బిగువుకు మాత్రం వంక పెట్టేవారు కాదు.

కోఫ్తా అన్న పేరులోనే నా పొరపాటుకు కారణం ఉంది. పారశీకంలో ‘కూఫ్తన్’ అంటే దంచడం. ఆ మాటే టర్కీ చేరి కొఫ్తె అయింది, గ్రీసులో కెఫ్తెదెస్ అయింది. స్పెయిన్ వాళ్ళు మాత్రం తమ ఉండలను అల్బొందిగాస్ అంటారు. దానికి మూలం అరబ్బీలో హేజెల్ గింజకున్న పేరు. అంటే ఆ పేరు పెట్టినవాళ్ళు ఆకారాన్ని చూశారు, పారశీకులు పనిని చూశారు. సైన్సు పారశీకుల పక్షమే. ఉండ గుండ్రంగా ఉందా అన్నది చిన్న సంగతి, దాన్ని దంచారా లేదా అన్నది పెద్ద సంగతి.

మాంసం అంటే ప్రధానంగా కండరం. కండర కణాల్లో మయోసిన్, యాక్టిన్ అనే రెండు ప్రొటీన్ల తంతువులు పక్కపక్కన పేర్చి ఉంటాయి. అవి ఒకదాని వెంట ఒకటి జారినప్పుడే కండరం ముడుచుకుంటుంది. వంటకు సంబంధించినంత వరకు వీటిలో మయోసిన్‌దే పెద్దరికం. అది మంచినీళ్ళలో కరగదు, ఉప్పునీళ్ళలో కరుగుతుంది. ఖీమాలో ఉప్పు వేసి పిసికితే మాంసంలోని తడే ఉప్పునీరవుతుంది. అది తంతువుల మధ్యకు చేరి మయోసిన్‌ను బయటికి లాగుతుంది. విడివిడిగా ఉన్న ఖీమా కాస్సేపటికి జిగటగా మారి వేళ్ళకు అంటుకోవడానికి కారణం ఇదే. ఆ జిగట ముద్దకు వేడి తగిలితే, సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర మయోసిన్ అణువులు తమ మడతలు విప్పుకుని ఒకదానితో ఒకటి పెనవేసుకోవడం మొదలుపెడతాయి. సన్నని కళ్ళున్న వల ఒకటి తయారవుతుంది. నీరు, కొవ్వు ఆ కళ్ళల్లో చిక్కుకుంటాయి. వల దట్టంగా ఉంటే ఉండ బిగువుగా ఉంటుంది, పలచగా ఉంటే పొడిపొడిగా విడిపోతుంది.

ఇది తెలిశాక గుడ్డు మీద నాకున్న గౌరవం కొంత తగ్గింది. గుడ్డు వేయకపోతే ఉండ విడిపోతుందని చాలామంది నమ్మకం. పలచటి వలకు గుడ్డు సాయపడే మాట నిజమే. కానీ ఉప్పు వేసి సరిగా పిసికిన ముద్దకు దాని అవసరం ఉండదు. 100 గ్రాముల మాంసానికి ఒకటిన్నర గ్రాముల ఉప్పు, కాస్త ఓపిక చాలు.

బిగువును కోరి తెచ్చుకునే వంటవాళ్ళలో దక్షిణ చైనాలోని చావ్‌జౌ వాళ్ళను ముందు చెప్పుకోవాలి. అక్కడ గొడ్డు మాంసాన్ని కత్తితో కొట్టరు, యంత్రంలో ఆడించరు. రెండు చేతులతో రెండు బరువైన ఇనుప కడ్డీలు పట్టుకుని, మాంసం ముద్దయ్యేదాకా దంచుతారు. కత్తి తంతువును తెగ్గోస్తుంది. దెబ్బ మాత్రం కణాన్ని చితకగొట్టి తంతువును విప్పుతుంది కానీ పొట్టిగా నరకదు. పొడవైన దారాలతో అల్లిన వల గట్టిగానే ఉంటుంది మరి. కొరికితే ఉండ పన్నును వెనక్కి తన్నాలి, అదే అక్కడ మెచ్చుకోలుకు కొలత.

ఇండోనేషియా బక్సో కూడా ఈ కుటుంబానిదే. పేరు చైనా వలసదారుల హొక్కియెన్ భాష నుంచి వచ్చింది. బక్సో చేసేవాళ్ళు పాతకాలం నుంచి ఒక పట్టు పడతారు: పశువును కోసిన కొద్ది గంటల్లోనే, ఇంకా వెచ్చదనం పోని మాంసమే కావాలంటారు. వినడానికి చాదస్తంలా ఉంటుంది. కశ్మీర్‌లో వాజ్వాన్ విందు వండే వాజాలదీ సరిగ్గా ఇదే పట్టు. విందు చివర వడ్డించే గుష్తాబా కోసం వాళ్ళు అప్పుడే కోసిన గొర్రె మాంసాన్ని ఉప్పు, కొవ్వు చేర్చి రాతి మీద చెక్క సుత్తితో గంటల తరబడి దంచుతారు. గుడ్డు లేదు, పిండి లేదు, బ్రెడ్డు లేదు. అయినా పెరుగు గ్రేవీలో ఉడికిన ఆ పెద్ద తెల్లటి ఉండ చెక్కుచెదరదు.

ఒకరితో ఒకరికి పరిచయం లేని ఈ రెండు చోట్ల వంటవాళ్ళు ఒకే మాట మీద నిలబడటానికి జీవరసాయనంలో జవాబుంది. ప్రాణం పోయాక కూడా కండర కణంలో ఏటీపీ అనే ఇంధనం కొంతసేపు మిగిలి ఉంటుంది. అది ఉన్నంతసేపూ మయోసిన్, యాక్టిన్ విడివిడిగానే ఉంటాయి. అది అయిపోగానే రెండూ తాళం వేసినట్టు ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. కళేబరం కొయ్యబారడమంటే ఇదే. మరోవైపు కణాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుని, 7 దగ్గర ఉన్న పీహెచ్ విలువ (ఇది ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ) 5.5 దాకా దిగుతుంది. ఆ స్థాయిలో ప్రొటీన్ల మీద విద్యుదావేశాలు దాదాపు సమతూకానికి వస్తాయి. ప్రొటీన్లు ఒకదాన్నొకటి తోసుకోవడం మాని దగ్గరికి చేరతాయి, మధ్యలో నీటికి చోటు తగ్గుతుంది. కొయ్యబారక ముందే ఉప్పు వేసి దంచితే మయోసిన్ సులువుగా కరుగుతుంది, నీటినీ బాగా పట్టుకుంటుంది. ఏటీపీ పేరు వినకుండానే వాజాలు దాని గడువును లెక్కగట్టారు.

మనలో చాలామందికి దొరికేది ఫ్రిజ్‌లో నిలవున్న మాంసమే కాబట్టి ఆ గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. దీనికి టర్కీలోని ఇనెగొల్ పట్టణం కొఫ్తెలో ఒక ఉపాయం ఉంది: చిటికెడు వంటసోడా. సోడా క్షారం కాబట్టి పీహెచ్‌ను మళ్ళీ పైకి తీసుకెళ్తుంది, ప్రొటీన్లు మళ్ళీ ఎడంగా జరిగి నీటికి చోటిస్తాయి. ముద్దను రాత్రంతా చలవలో ఉంచి నిప్పుల మీద కాలుస్తారు. క్షారం ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. అర కిలోకు పావు చెంచా దాటించవద్దు.

ఇక నా మిక్సీ చేసిన రెండో ద్రోహం వేడి. బ్లేడు రాపిడికి ముద్ద వేడెక్కుతుంది. కొవ్వు రేణువులు విడివిడిగా నిలవాలంటే చల్లగా, గట్టిగా ఉండాలి. వెచ్చబడితే అవి నూనెలా పులుముకుపోయి ప్రొటీన్ల మధ్య అడ్డుపడతాయి, ఉడికేటప్పుడు జారి బయటికి పోతాయి. మిగిలేది బిగుసుకుపోయిన ఎండు ముద్ద. బక్సో ముద్ద రుబ్బేటప్పుడు మంచుముక్కలు వేయడం దీన్ని ఆపడానికే. ఆ మంచే కరిగి వలలోకి కావలసిన నీరు కూడా అవుతుంది. ఉండలు చుట్టాక వాటిని మొదట మరగని వేడినీళ్ళలో వేసి, వల నిదానంగా కుదురుకున్నాక మరిగిస్తారు.

ఇప్పుడు స్వీడన్‌కు వద్దాం. అక్కడ లక్ష్యమే వేరు. ఖీమాలో పాలలోనో మీగడలోనో నానిన బ్రెడ్డు పొడి కలుపుతారు, కాస్త ఆల్‌స్పైస్ అనే మసాలా వేస్తారు, చిన్న ఉండలు చుట్టి వెన్నలో వేయిస్తారు. ఇటలీ ఇళ్ళలో పోల్పెత్తె అనే ఉండలకు ఎండిపోయిన బ్రెడ్డును నానబెట్టి, తడి పిండేసి కలుపుతారు. మాంసం చాలక బ్రెడ్డుతో సరిపెట్టారని కొందరంటారు. పొదుపు ఒక కారణం అయ్యుండవచ్చు, కానీ బ్రెడ్డు చేసే పని అంతకంటే సూక్ష్మమైనది. నానిన బ్రెడ్డు తునకలు మయోసిన్ దారాల మధ్య దూరి అల్లికను అక్కడక్కడా తెంపుతాయి. పైగా మాంసం 60 డిగ్రీలు దాటి ముడుచుకుంటూ నీటిని వెళ్ళగక్కేటప్పుడు, పక్కనే ఉన్న పిండిపదార్థం ఆ నీటిని పీల్చుకుని ఉండలోనే నిలుపుతుంది. 70 డిగ్రీల ప్రాంతంలో యాక్టిన్ కూడా మడతలు విప్పుకునే సరికి మాంసం తన తడిలో చాలా భాగం కోల్పోతుంది. బ్రెడ్డు లేని ఉండ ఎండిపోయేది అక్కడే.

స్వీడన్ ఉండల గురించి ఒక వింత ప్రకటన ఉంది. తమ ఉండల మూలం 18వ శతాబ్దం తొలినాళ్ళలో రాజు 12వ చార్ల్స్ టర్కీ నుంచి తెచ్చిన వంటకమేనని 2018లో స్వీడన్ అధికారిక ట్విటర్ ఖాతా ప్రకటించింది. టర్కీ వాళ్ళు సంబరపడ్డారు, స్వీడన్‌లో కొందరు నొచ్చుకున్నారు. రాజు 1709లో పొల్తావా యుద్ధంలో ఓడి ఒట్టోమన్ సామ్రాజ్యంలో తలదాచుకుని 1714 దాకా అక్కడే ఉన్న మాట చరిత్రే. వంటకం కూడా ఆయన మూటలోనే వచ్చిందన్నదే రుజువు కావాల్సిన మాట. నా మటుకు నాకు బ్రెడ్డు, పాలు, వెన్న చూస్తే అది ఉత్తరాది వంటిల్లే అనిపిస్తుంది. పాలూ రొట్టే చేతికందేచోట ఎవరూ చెప్పకపోయినా ఈ ఉపాయం తడుతుంది.

దంచడం ఒక కొస, బ్రెడ్డు ఒక కొస అనుకుంటే చైనాలోని యాంగ్‌జౌ వాళ్ళ ‘సింహం తల’ ఈ లెక్కకు లొంగదు. పిడికిలంత పంది మాంసపు ఉండ అది. మాంసాన్ని రుబ్బరు. కత్తితో చిన్న చిన్న ముక్కలుగా కోసి, పైపైన కాస్త కొడతారంతే. కొవ్వు వంతు చాలా ఎక్కువ. ముక్కల పైపొరల్లో మాత్రమే మయోసిన్ బయటపడుతుంది కాబట్టి ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి, లోపల మాత్రం దేనికది విడిగా ఉంటుంది. దాన్ని మట్టికుండలో సన్నని మంట మీద రెండేసి గంటలు మగ్గనిస్తారు. కండరాలను కట్టి ఉంచే కొలాజెన్ అనే గట్టి ప్రొటీన్ ఆ నిదానపు వేడిలో కరిగి జెలటిన్ అవుతుంది, కొవ్వు సగం కరిగి రసంలో చేరుతుంది. యాక్టిన్ పిండేసిన తడి స్థానాన్ని జెలటిన్, కొవ్వు భర్తీ చేస్తాయి. చాప్‌స్టిక్స్‌తో పట్టుకుంటే విరిగిపోతుంది, చెంచాతో తినవలసిందే. నాకు తెలిసిన ఉండలన్నింటిలో అతి కష్టమైనది ఇదే. రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ కుండలో సింహం జూలు మాత్రమే మిగుల్చుకున్నాను.

వేయించడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, ఒక్క అపోహ తప్ప. పైభాగం ఎర్రగా వేయిస్తే రసం లోపలే బందీ అవుతుందని 19వ శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ ప్రచారంలో పెట్టాడు. అది నిజం కాదు. పెనం మీద చుయ్యిమని వినిపించేదే రసం బయటికి పోతున్న చప్పుడు. వేయించేది రుచి కోసం. 140 డిగ్రీల పైన చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి వందలాది వాసన పదార్థాలు తయారవుతాయి. 1912లో దీన్ని వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మైయార్ పేరే ఆ చర్యకు పెట్టారు. నీళ్ళలో ఉడికే ఉండకు 100 డిగ్రీలు దాటే యోగం లేదు. అందుకే గుష్తాబాకూ బక్సోకూ రుచి బాధ్యత గ్రేవీదో సూపుదో అవుతుంది.

పరిమాణం మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. ఇరాన్‌లోని తబ్రీజ్ కూఫ్తే నారింజ పండును మించి ఉంటుంది. మాంసంలో బియ్యం, శనగల జాతి పప్పు కలుపుతారు, లోపల ఎండు పండ్లు, అక్రోటు, ఒక్కోసారి ఉడికించిన గుడ్డు పెడతారు. ఉండ మధ్యకు వేడి చేరే సమయం దాని వ్యాసంతో కాక వ్యాసపు వర్గంతో పెరుగుతుంది. 3 సెంటీమీటర్ల ఉండ కంటే 9 సెంటీమీటర్ల ఉండకు మూడు రెట్లు కాదు, సుమారు తొమ్మిది రెట్లు సమయం కావాలి. ఈలోగా పైభాగం ముడుచుకుంటూ ఉంటుంది, లోపలి బియ్యం ఉబ్బుతూ ఉంటుంది. తబ్రీజ్ వంటవాళ్ళు ముద్దను అంత ఓపికగా పిసికేది, రసాన్ని గలగలా మరగనివ్వనిది ఉండ పగలకూడదనే.

మధ్యభాగం ఉడకడం రుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. నిండు మాంసపు ముక్క మీద సూక్ష్మజీవులుంటే సాధారణంగా పైనే ఉంటాయి, పైన కాలితే పోతాయి. ఖీమా కొట్టేటప్పుడు ఆ పైభాగం ముద్దంతటా కలిసిపోతుంది. ఈ.కోలై బాక్టీరియాలో ఓ157 అనే ప్రమాదకర రకాన్ని 1982లో అమెరికాలో గుర్తించింది సరిగా ఉడకని ఖీమా తిన్నవాళ్ళు జబ్బుపడినప్పుడే. అందుకే ఉండ నడిమధ్యలో 71 డిగ్రీలు, కోడి మాంసమైతే 74 డిగ్రీలు రావాలంటారు. లోపల గులాబీ రంగు పోయింది కదా అని ధీమా పడకూడదు. మాంసానికి రంగునిచ్చే మయోగ్లోబిన్ ఒక్కోసారి అంతకన్నా ముందే గోధుమ రంగుకు తిరుగుతుంది. సన్నని సూది ఉన్న థర్మామీటరు ఒకటి ఇంట్లో ఉంటే సందేహం తీరుతుంది.

ఉప్పు మహిమను స్వయంగా చూడాలంటే అర కిలో ఖీమాను రెండు భాగాలు చేయండి. ఒకదానిలో ముందే నాలుగు గ్రాముల ఉప్పు వేసి, చల్లగా ఉన్నప్పుడే అయిదు నిమిషాలు పిసకండి. రెండోదాన్ని ఉప్పు లేకుండా వేళ్ళతో పైపైన కలిపి ఉండలు చుట్టి, పెనం మీద వేసే ముందు ఉప్పు చల్లండి. మొదటి ముద్దను అరచేతికి అద్ది చెయ్యి బోర్లించినా అది కింద పడదు. రెండోది వెంటనే రాలుతుంది. ఉడికాక మొదటిది కత్తికి నున్నగా తెగుతుంది, రెండోది చెంచాకే విడిపోతుంది. తినడానికి నాకు రెండోదే ఇష్టం. సూపులో వేయవలసి వస్తే మాత్రం మొదటిదే చేస్తాను, రెండోది గిన్నె అడుగున ఖీమాగా మిగులుతుంది కాబట్టి.